పదకొండో నంబరు బిళ్ల

గంగమణిని పోయిన వారం మెట్‌పల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాను. ఒళ్లో స్టీలు డబ్బా, డబ్బాలో మక్కజొన్న గారెలు, మనసు నిండా ఆశ. ఆ ఆశ ఎక్కణ్నుంచి వచ్చిందో మరిచిపోయిన వాళ్ల కోసం, ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్న వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను.

ఆమె మొగుడు దేవిదాస్‌కు గల్ఫ్‌లో ఒక పడవ మీద పని. చేపల పడవ కాదు. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగు చూసి రావాలని సరదా పడే టూరిస్టులను తీసుకుపోయే పడవ. నాలుగు నెలల కింద, దీపావళి అయిన రెండు వారాలకు, దేవిదాస్ కనబడకుండా పోయాడు. పారిపోయాడని కంపెనీ వాళ్లు పోలీసులకు రాసిచ్చారు. మన వైపు దాన్నే ఖల్లివెల్లి అయ్యాడంటారు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే వదిలేసి, వేరే ఎక్కడో దొంగచాటుగా పని చేసుకుంటూ, పోలీసుల కంట పడకుండా బతకడమన్నమాట. అలా పోయి మూడేళ్లకో నాలుగేళ్లకో ఇంటికి చేరిన వాళ్లు ఆర్మూర్‌లో గల్లీకొకరు దొరుకుతారు. అందుకే గంగమణి ఏడవలేదు. బీడీలు చుట్టుకుంటూ, కూతురు రుచితను బడికి పంపుకుంటూ ఎదురుచూసింది.

ఇప్పుడు ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించింది. ఖల్లివెల్లి అయినవాళ్లు నెలాఖరులోగా బయటికి వచ్చి పేరు రాయించుకుంటే జైలు లేకుండా ఇంటికి పంపేస్తారు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. ఈ సంగతి దేవిదాస్‌కు ఎలాగైనా చేరాలి. అతను ఎక్కడున్నాడో చెప్పగలవాడు ఒక్కడే. అదే పడవ మీద అతనితో పనిచేసిన శేఖర్. ఆ శేఖర్ నెల కిందటే చప్పుడు చేయకుండా దేశం వచ్చేశాడనీ, కమ్మర్‌పల్లిలో పసుపు పనికి పోతున్నాడనీ తెలిసి గంగమణి బస్సెక్కింది. వచ్చినవాడు ఆర్మూర్ వచ్చి తనకెందుకు కనబడలేదన్న అనుమానం ఆమెకు రాలేదు. వస్తే బాగుండేది. కొంచెం గుండె రాయి చేసుకుని పోయేది.

బస్సు దిగి అడుగుతూ అడుగుతూ పోతే ఊరి బయట గంగాదాస్ అనే రైతు కళ్లం కనబడింది. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములు కళ్లం నిండా ఉన్నాయి. ఒక పక్క పాలిష్ డ్రమ్ము గడగడమని తిరుగుతోంది. దాని పక్కన మొహానికి దస్తీ కట్టుకుని నిలబడ్డ మనిషి తల నుంచి కాలిగోళ్ల దాకా పసుపు దుమ్ముతో నిండిపోయి ఉన్నాడు. వాడే శేఖరని గంగమణి గుర్తుపట్టలేదు. వాడే ఆమెను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, డ్రమ్ము ఆపకుండా అట్లాగే నిలబడ్డాడు.

ఆ చప్పుడులో మాట వినబడదు. గంగమణి నవ్వుతూ డబ్బా పైకెత్తి చూపింది. శేఖర్ కదల్లేదు. చివరికి గంగాదాసే పోయి మోటారు బంద్ చేశాడు. ఈ బిడ్డ ఎవరని అడిగాడు. శేఖర్ నోరు విప్పకపోతే గంగమణే తన సంగతి చెప్పుకుంది. గంగాదాస్ మంచి మనిషి. మొగుడి జాడ కోసం వచ్చిన ఆడదాన్ని ఎండలో నిలబెట్టడం ఏమిటని శేఖర్‌ను కోప్పడి, ఇద్దరినీ రేకుల షెడ్డు కిందికి పంపి, తాను తినడానికి ఇంటికి పోయాడు.

షెడ్డు కింద గోనె సంచుల మీద గంగమణి కూర్చుంది. శేఖర్ కూర్చోలేదు. ఆమె డబ్బా మూత తీసి ముందు పెట్టింది. వాడు చేతులు పసుపుగా ఉన్నాయన్నాడు. కడుక్కుని రమ్మంది. తర్వాత తింటానన్నాడు. ఇవన్నీ మొహమాటాలే అనుకుని ఆమె ఫోను తీసి క్షమాభిక్ష కాగితం ఫొటో చూపించింది. ఎవరి దగ్గరికి పోవాలో, ఏమేం పట్టుకుపోవాలో అన్నీ అడిగి రాసుకుని వచ్చింది. పాస్‌పోర్టు లేకపోయినా ఫరవాలేదట, జిరాక్స్ ఉంటే చాలట. ఆ జిరాక్స్ ఇంట్లో బియ్యం డబ్బాలో భద్రంగా ఉందట. చెప్పుకుంటూ పోతోంది పాపం.

ఆ రోజు శేఖర్ చేసిన ఫోనును కూడా తలుచుకుంది. దేవిదాస్ జాడ లేదని ఇల్లంతా తల్లడిల్లుతుంటే, అన్న సంచి పట్టుకుని రేవులో దిగిపోయిండు, ఎవరో పని ఇప్పిస్తనన్నరట, ఫికర్ జేయకు వదినా, అని చెప్పింది వీడే. ఆ ఒక్క మాట పట్టుకునే నాలుగు నెలలు తిన్నానని, పడుకున్నానని చెప్పి దండం పెట్టింది. దండం పెడుతుంటే శేఖర్ మొహం తిప్పుకున్నాడు.

"అన్న ఏడున్నడో చెప్పు శేఖర్. నీ పేరు బయటికి రానియ్య."

తనకు సరిగా తెలియదన్నాడు శేఖర్. ఎడారిలో ఒంటెల షెడ్డులో పని దొరికిందని విన్నానన్నాడు. ఆ షెడ్డు ఎవరిదని అడిగితే, అది కాదు, ఏదో హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడన్నాడు. అబద్ధం చెప్పడం చేతగానివాడు అబద్ధం చెప్తుంటే వినడం నరకం. గంగమణికి మాత్రం అది అబద్ధమని తోచలేదు. ఆమె దాన్ని ఇంకొక రకంగా అర్థం చేసుకుంది. అత్త రాధాబాయి నాలుగు నెలలుగా రోజూ ఒకటే పాట పాడుతోంది. కొడుకు అక్కడ ఎవత్తెనో తగులుకున్నాడనీ, అందుకే ఫోను చేయడం లేదనీ. ఆ మాట అన్నందుకు గంగమణి అత్తతో పది రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు శేఖర్ తడబాటు చూసి అదే నిజమనుకుంది. ఆమె మొహం ఒక్కసారి పాలిపోయింది, మళ్లీ సర్దుకుంది.

"ఇంకొకదాన్ని ఉంచుకున్నడా? ఉంచుకోనీ. నేనేమన. పానంతోని ఉంటే సాలు నాకు. గా పిల్లకు నాయిన ఉన్నడని చెప్పుకుంట."

ఎంత మాట అది. గంగమణి పౌరుషం ఈ కథ మొదటి నుంచీ చదువుతున్న మీకు తెలుసు. అలాంటి మనిషి ఆ మాట అనడానికి లోపల ఎంత తెగిపోవాలో కూడా తెలుసు. శేఖర్‌కూ తెలుసు కాబట్టే ఇక నిలబడలేకపోయాడు. షెడ్డు గుంజను పట్టుకుని కిందికి జారి మట్టిలో కూలబడ్డాడు.

"అన్న ఒడ్డు ఎక్కలే వదినా."

గంగమణికి అర్థం కాలేదు. ఏ ఒడ్డు అంది.

అప్పుడు చెప్పాడు. తిన్నగా చెప్పలేదు. ముందుది వెనక, వెనకది ముందు చెప్పి, మధ్యలో ఆగి, ఆమె రెట్టించి అడిగితే మళ్లీ మొదలుపెట్టి చెప్పాడు. మీకు అలా చెబితే తల తిరుగుతుంది. వరుస నేను సరిచేస్తాను.

దేవిదాస్ ఆ కంపెనీకి పోయింది సిలిండర్లలో గాలి నింపే పనికి. ఈత మాత్రం చిన్నప్పుడు మక్క చేలల్లోని బావుల్లో దూకి నేర్చుకున్నాడు. ఆ ఈత చూసి కంపెనీవాళ్లు అతనికి నీళ్ల కిందికి దిగడం నేర్పించారు. ఏడాది తిరిగేసరికి టూరిస్టులను వెంటబెట్టుకుని దిగేవాడయ్యాడు. నీళ్ల కింద తీసిన వీడియోలు గంగమణికి పంపేవాడు. పగడపు దిబ్బల మీద గుంపులు గుంపులుగా తిరిగే పసుపు చేపలు, రాళ్ల సందుల్లోంచి తొంగిచూసే పాము మూతి చేపలు. గల్లీలో ఆడవాళ్లంతా బీడీల చాటలు పక్కన పెట్టి ఆ ఫోను చుట్టూ మూగేవాళ్లు. నా మొగడు సముద్రం కింద మేస్త్రి అని గంగమణి గొప్పలు పోయేది.

వాళ్లు టూరిస్టులను తీసుకుపోయే చోటు రేవుకు గంటన్నర దూరం. అక్కడ గుట్టలు నిటారుగా సముద్రంలోకి దిగిపోయి ఉంటాయి. ఇసుక లేదు, ఒడ్డు లేదు, ఊరు లేదు. గుట్ట నీళ్ల కింద కూడా అలాగే తిన్నగా దిగుతుంది. పడవవాళ్లు దాన్ని గోడ అంటారు. ఆ గోడకు కొద్ది దూరంలో ఎప్పుడో మునిగిన సిమెంటు ఓడ ఒకటి ఉంది. మనుషులు దాని గదుల్లో దూరి తిరిగి వస్తారు. పడవ కొట్టుకుపోకుండా పెద్ద తాడు తెచ్చి ఆ ఓడ కమ్మీకే కడతారు. టూరిస్టులంతా పైకి వచ్చాక ఎవరో ఒకరు మళ్లీ కిందికి పోయి ఆ తాడు విప్పాలి. ఆ పని దేవిదాస్‌ది. అందరికన్నా ముందు దిగేదీ అతనే, చివర ఎక్కేదీ అతనే.

ఇక బిళ్లల సంగతి. పడవలో నిచ్చెన పక్కన ఒక బోర్డు ఉంటుంది. దాని మీద మేకులు. నీళ్లలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న బిళ్ల ఒకటి ఉంటుంది. దిగేటప్పుడు అది మేకు నుంచి తీసి పక్కన డబ్బాలో వేస్తారు. పైకి వచ్చాక ఎవరి బిళ్ల వాళ్లే తీసి మేకుకు తగిలించాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా కెప్టెన్ ఇంజన్ వేయడు. దేవిదాస్‌ది పదకొండో నంబరు. తాడు విప్పి, మధ్యలో మూడు నిమిషాలు ఆగి, మెల్లగా రావాలి కాబట్టి చివరిదాకా ఖాళీగా ఉండేది ఆ పదకొండే. గబగబా పైకి వస్తే రక్తంలో గాలి బుడగలు కట్టి మనిషి చచ్చిపోతాడట. కెప్టెన్‌కు ఆ సంగతి తెలియక కాదు, ఓపిక లేక. బోర్డు వైపు చూసి బూతులు తిట్టేవాడు. అన్నను తిడుతుంటే శేఖర్‌కు బాధనిపించేది. అందుకని తాడు వదులు కాగానే, ఇంకో పది నిమిషాల్లో ఎలాగూ వస్తాడు కదా అని, దేవిదాస్ బిళ్ల తానే తగిలించేవాడు. ఆ తర్వాత నీళ్ల మీద కన్నేసి కూర్చుని, అన్న వదిలే నారింజ రంగు గాలి గొట్టం తేలగానే అటు పడవను పోనిమ్మని చెప్పేవాడు. రెండేళ్లు అట్లాగే గడిచింది. దేవిదాస్‌కూ తెలుసు. తమ్ముడా, నా బిళ్ల మరువకు, అని నవ్వి దూకేవాడట.

"మనకాడ ఉపాధి పనిల ఒకని హాజరు ఒకడు ఏపిస్తలేమా వదినా. గట్లనే అనుకున్న."

గంగమణికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. బీడీ కార్ఖానాలో ఆమె చేస్తున్నదీ అదే. పక్కింటి సౌమ్య బిడ్డకు జ్వరం వచ్చి వారం పని మానేస్తే, సౌమ్య కార్డు మీద హాజరు తెగిపోకుండా తన బీడీల్లోంచి కొన్ని కట్టలు ఆమె పేరున ఇచ్చి వచ్చింది. అందరూ చేస్తారు. చేయనివాళ్లను రాయి అంటారు. కాబట్టి బిళ్ల మాట విన్నప్పుడు ఆమెకు కోపం రాలేదు. తర్వాతేమైందని మాత్రం అడిగింది, చాలా మెల్లగా.

ఆ రోజు సముద్రం బాగాలేదు. ఆ చోటికి కంపెనీవే రెండు పడవలు పోయాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. శేఖర్, దేవిదాస్ పెద్దదాని మీద. టూరిస్టులంతా ఎక్కారు. దేవిదాస్ తాడు విప్పడానికి దిగాడు. తాడు వదులైంది. శేఖర్ పదకొండో బిళ్ల తగిలించాడు. సరిగ్గా అప్పుడే ఒక టూరిస్టు ఆడమనిషి ముక్కులోంచి రక్తం కారి కళ్లు తేలేసింది. లోపలికి పోయి ఆమెకు ఆక్సిజన్ పట్టమని కెప్టెన్ శేఖర్ మీద అరిచాడు. వాడు పోయి పట్టాడు. కెప్టెన్ బోర్డు చూశాడు. మేకులన్నీ నిండి ఉన్నాయి. ఆమెను దవాఖానకు చేర్చాలి. పడవ రేవు వైపు తిరిగింది.

శేఖర్‌కు గుర్తొచ్చేసరికి సగం దారి అయిపోయింది. చిన్న పడవ ఇంకా అక్కడే ఉంది కదా, అన్న దానిలో ఎక్కి ఉంటాడనుకున్నాడు. అంతకు ముందు రెండుసార్లు అట్లా జరిగింది కూడా. రేవులో దిగి చిన్న పడవ కోసం గంటసేపు నిలబడ్డాడు. అది వచ్చింది. అందులో దేవిదాస్ లేడు.

ఇక్కడి నుంచి నాకు శేఖర్ మీద జాలి లేదు. అప్పటిదాకా జరిగింది పొరపాటు. అప్పటికింకా పొద్దు గూకలేదు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే పడవ మళ్లీ పోయేది. వాడు కెప్టెన్ దగ్గరికి పోయి, దేవిదాస్ ఎక్కడ అని మాత్రం అడిగాడు. బోర్డు నిండి ఉంది కదా, మనతోనే వచ్చాడు, నువ్వు చూడలేదా అన్నాడు కెప్టెన్. అంటూ శేఖర్ కళ్లలోకే చూశాడట. శేఖర్ చూశానన్నాడు. మర్నాడు ఆఫీసులో కాగితం తయారైంది. సంచి పట్టుకుని రేవులో దిగి వెళ్లిపోయాడని. కింద సంతకం శేఖర్‌ది.

గంగమణి బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. చివరికి అడిగేసింది.

"మల్ల... దేవులాడిన్రు గద?"

"లేదు."

"ఒక్క పడవ గూడ పోలేదా?"

"పోలే వదినా. ఒడ్డు ఎక్కిండని రాసినంక, నీళ్లల్ల ఎవ్వలు దేవులాడుతరు?"

ఖల్లివెల్లి అన్న మాట మీద ఆమె నాలుగు నెలలు బతికింది. గల్లీలో వాళ్లు గుసగుసలాడితే తలెత్తుకుని తిరిగింది. మామ ఎంకటి మంచం పడితే, వస్తడు మామా, క్షమాభిక్షల వస్తడు, అని ధైర్యం చెప్పింది. ఆ ఖల్లివెల్లి మాటే దేవిదాస్‌ను చంపిందని ఇప్పుడు తెలిసింది. పారిపోయాడని రాయకపోతే కనీసం వెతికేవాళ్లు. గంగమణి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి రాలేదు. దగ్గు లాంటిదేదో వచ్చింది. కాలు తగిలి డబ్బా ఒరిగి గారెలు మట్టిలో పడ్డాయి. శేఖర్ వాటిని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో పెట్టాడు.

మనిషి మనసు ఎంత వెర్రిదో చూడండి. అంత విన్నాక కూడా ఆమె లెక్క మొదటి నుంచి వేయసాగింది. దేవిదాస్‌కు ఈత వచ్చు. మామూలు ఈత కాదు. ఒంటి మీద గాలి నింపుకునే జాకెట్ కూడా ఉంది. అది ఉంటే మనిషి మునుగుతాడా అని అడిగింది. మునగడన్నాడు శేఖర్. సిలిండర్‌లో గాలి అయిపోయినా మునగడా? మునగడు. ఎన్నాళ్లు తేలుతాడు? వాడు తల వంచుకున్నాడు. గుట్టలు దగ్గరే అన్నవు కదా, ఈదుకుంటూ గుట్టకు పోవచ్చు కదా అంది. ఆమె గొంతులో మళ్లీ ఆ పాడు ఆశ. అది వినలేక కావచ్చు, శేఖర్ లేచి షెడ్డు మూల తన బట్టల సంచి దగ్గరికి పోయాడు. సంచి అడుగు నుంచి లుంగీలో చుట్టింది ఒకటి తీసి తెచ్చాడు.

విప్పితే పలక. బడిపిల్లల పలక కన్నా చిన్నది, తెల్లటి ప్లాస్టిక్‌ది, మూలన రంధ్రం, రంధ్రానికి దారంతో కట్టిన పెన్సిల్ ముక్క. నీళ్ల కింద మాట్లాడటం కుదరదు కాబట్టి దాని మీద రాసి చూపించుకుంటారని చెప్పాడు. రాసింది నీళ్లలో కూడా చెరగదట. గుట్ట మీద దొరికిందన్నాడు. ఎనిమిదో రోజున దొరికిందట. నీళ్లకు నాలుగైదు మూరల ఎత్తున మంచమంత రాయి ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది. దాని మీద జాకెట్ మడతపెట్టి ఉంది. కాళ్లకు తొడుక్కునే రెక్కలు పక్క పక్కన పెట్టి ఉన్నాయి. పలక రాళ్ల సందులో దోపి ఉంది. మనిషి లేడు. కింద అంతా లోతే.

అంటే ఈదాడు. పోయాడు. ఎక్కాడు. ఆ రాయి మీద కూర్చున్నాడు.

పలక మీద ఒక వైపు గీతలు. నిలువుగా, పక్కపక్కన, నాలుగు. మొదటి మూడూ తిన్నగా ఉన్నాయి. నాలుగోది వంకరపోయింది. గంగమణి వాటిని ఒకసారి లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది. నాలుగు దినాలు, నీళ్ల చుక్క లేకుండా. ఆ నాలుగు దినాల్లో ఆర్మూర్‌లో తానేం చేసిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. రెండో రోజో మూడో రోజో శేఖర్ ఫోను వచ్చి ఉండాలి. ఆ ఫోను వచ్చాక తాను కడుపునిండా అన్నం తిన్నది.

పలక తిప్పబోతే శేఖర్ చెయ్యి అడ్డం పెట్టాడు. అటు చూడొద్దు వదినా అన్నాడు. ఆమె ఆ చేతిని పక్కకు నెట్టింది.

ఇటు వైపు రాత. దేవిదాస్ రాతే. రుచిత పుస్తకాల అట్టల మీద పేరు రాసే రాత. ఉప్పు గాలికి మసకబారినా చదవడానికి వస్తోంది. తనకు ఏమైనా రాశాడేమో, బిడ్డకు ఏమైనా రాశాడేమో అని గంగమణి కళ్లు వెతికాయి. తన పేరు లేదు, బిడ్డ పేరు లేదు. రెండే మాటలున్నాయి.

"శేఖర్‌కు ఎరుకే. వాడు వస్తడు."

ఆ రాయి మీద కూర్చుని, ఎవరైనా వచ్చి చదువుతారని రాశాడో, తనకు తాను ధైర్యం చెప్పుకోవడానికి రాశాడో ఎవరు చెప్పగలరు. ప్రపంచంలో తాను నీళ్లలో ఉన్నానని తెలిసిన మనిషి ఒక్కడున్నాడు. బిళ్ల తగిలించినవాడు. వాడు తప్పకుండా చెబుతాడు, తప్పకుండా వస్తాడు. నాలుగు దినాలు ఆ నమ్మకం మీదే కూర్చున్నాడు.

శేఖర్ మట్టిలో తల పెట్టి ఏడుస్తున్నాడు. కొట్టమంటున్నాడు. చెప్పు తీసుకుని కొట్టమంటున్నాడు. గంగమణి కొట్టలేదు. ఆమె పలకను ఒళ్లో పెట్టుకుని ఎటో చూస్తోంది. ఊరి వైపు నుంచి గంగాదాస్ చేతిలో నీళ్ల చెంబుతో మెల్లగా వస్తున్నాడు. ఇంకాసేపట్లో మోటారు వేస్తారు. డ్రమ్ము తిరుగుతుంది, ఇక మాట వినబడదు.

ఆమెకు అప్పుడు ఒక సంగతి తట్టింది. ఏడుపు మధ్య తట్టినా చాలా స్పష్టంగా తట్టింది. ఆ గుట్టలు ఎంత పొడుగుంటాయని అడిగింది. శేఖర్ తలెత్తి, పడవలో పోతే గంట పడుతుందన్నాడు. అంతటా అలాంటి రాళ్లున్నాయా అంది. ఎన్నో ఉన్నాయన్నాడు. పడవలు వాటి దగ్గరికి పోతాయా అంది. పోవు, అలలకు పగిలిపోతాయన్నాడు. తాను కూడా పడవ దూరంగా ఆపి ఈదుకుంటూ పోయానని చెప్పాడు.

"మరి గంత పొడుగు గుట్టల, గా ఒక్క రాయి మీదికే ఎందుకెక్కినవ్ శేఖర్?"

శేఖర్ ఏడుపు ఆగిపోయింది. దస్తీతో మొహం తుడుచుకున్నాడు. తుడిచిన చోట చర్మం నల్లగా బయటపడింది. గంగాదాస్ కళ్లం మొదట్లోకి వచ్చాడు. అక్కడే ఆగి కాలితో పసుపు కొమ్ములు తిరగేస్తున్నాడు. శేఖర్ ఆయన వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"టూరిస్టుల పడవల పోతుంటే దూరంకెల్లి సూసిన. చెయ్యి ఊపిండు వదినా."

గంగమణి పలకను తిప్పి గీతల వైపు వాడి ముందు పెట్టింది. ఎన్నో దినం అని అడిగింది. వాడు పసుపు అంటిన వేలు ముందుకు జరిపి రెండో గీత మీద పెట్టాడు.